నాజ్కా ఎడారి బొమ్మలను చిన్న విమానంలోంచి చూడాలంటే: విజయవాడ, గుంటూరు ప్రయాణికుల కోసం

పెరూ దేశపు దక్షిణ భాగంలో, పసిఫిక్ తీరానికి కొంచెం ఎగువన ఉన్న నాజ్కా ఎడారిలో సుమారు రెండు వేల ఏళ్ల కిందట నేల మీద గీసిన పక్షులు, జంతువులు, కిలోమీటర్ల కొద్దీ సాగే గీతలు ఈనాటికీ చెరిగిపోకుండా ఉన్నాయి. నాజ్కా ఊరి నుంచి ఎగిరే చిన్న విమానం వాటి మీద తిరిగేది దాదాపు అరగంట మాత్రమే. ఆ అరగంటలోనే పన్నెండు, పదమూడు బొమ్మలు చూపిస్తారు కనుక ఒక్కొక్క బొమ్మ కిటికీలో కనిపించేది కొద్ది క్షణాలే. విజయవాడ నుంచో గుంటూరు నుంచో భూగోళానికి అవతలి వైపుకు వెళ్లినవారు ఆ కొద్ది క్షణాలూ బొమ్మ ఎక్కడుందో వెతుక్కుంటూనో, కడుపు పట్టుకుని కళ్లు మూసుకునో గడిపి, ఫోనులో నాలుగు మసక ఫొటోలతో దిగిపోవడం తరచుగా జరుగుతుంది. కన్నునూ కడుపునూ ముందుగా సిద్ధం చేసుకోకపోవడమే ఇందుకు ముఖ్య కారణమని నా అభిప్రాయం. అందుచేత ఈ వ్యాసంలో ఆ రెండింటి గురించి విస్తారంగానూ, వీసా, టికెట్ల గురించి అవసరమైనంత మేరకూ రాస్తున్నాను.

నేల మీద ఉన్నదేమిటి

ఈ ఎడారి పైపొర ఇనుము ఆక్సైడు పట్టి ముదురు ఎరుపు, గోధుమ రంగులకు తిరిగిన చిన్న చిన్న రాళ్లతో నిండి ఉంటుంది. ఆ రాళ్లను ఏరి పక్కకు నెట్టేస్తే కింద లేత పసుపు, బూడిద రంగు కలిసిన మట్టి బయటపడుతుంది. నాజ్కా ప్రజలు చేసింది ఇంతే: రంగు పూయలేదు, లోతుగా తవ్వలేదు, రాళ్లు తీసి అంచుల వెంట పేర్చారు. గీత లోతు సాధారణంగా 10 నుంచి 30 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. ఏడాది పొడవునా వాన దాదాపు పడని ప్రాంతం కావడం వల్లనూ, ఎండకు కాగిన రాళ్లు నేలను అంటుకున్న గాలిని వేడెక్కించి గాలి వేగాన్ని తగ్గించడం వల్లనూ ఇంత పలచని గీతలు ఇంతకాలం నిలిచాయి. క్రీస్తుకు పూర్వం 500 నుంచి క్రీస్తు శకం 500 వరకు వేర్వేరు కాలాల్లో వీటిని గీశారు. 1994లో యునెస్కో నాజ్కా, పాల్పా ప్రాంతాలలోని ఈ గీతలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దీని నుంచి ప్రయాణికుడు గ్రహించవలసిన విషయం ఒకటుంది. ప్రచార చిత్రాలలో కనిపించే తెల్లని, స్పష్టమైన బొమ్మలు చాలావరకు కంప్యూటరులో వెలుగు నీడల తేడా పెంచిన ఫొటోలు. కిటికీలోంచి చూసినప్పుడు ముదురు గోధుమ రంగు నేల మీద కొంచెం లేత గోధుమ రంగు గీత మాత్రమే కనిపిస్తుంది. తెల్లని బొమ్మ కోసం వెతికేవారి చూపు అసలు బొమ్మను దాటుకుని వెళ్లిపోతుంది.

రెండో విషయం పరిమాణం. హమ్మింగ్ పక్షి పొడవు సుమారు 95 మీటర్లు, కోతి సుమారు 93 మీటర్లు, సాలీడు 46 మీటర్లు, కాండోర్ రాబందు 135 మీటర్లు. కొండవాలు మీద ఉండి అందరూ వ్యోమగామి అని పిలిచే మనిషి బొమ్మ 32 మీటర్లే. అంకెల్లో ఇవి పెద్దవిగా అనిపిస్తాయి, కాని ఆకాశం నుంచి చూస్తే అనుకున్నదాని కంటే చాలా చిన్నవి.

బయలుదేరే ముందు ఇంట్లోనే చేయవలసిన సాధన

ఈ చిన్నతనాన్ని ముందే తెలుసుకోవడానికి ఒక సులభమైన పద్ధతి ఉంది. కంప్యూటరులో గూగుల్ ఎర్త్ తెరిచి ప్రకాశం బ్యారేజీ మీదకు వెళ్లి, ఉండవల్లి వైపు ఒడ్డు నుంచి విజయవాడ వైపు ఒడ్డు వరకు మొత్తం బ్యారేజీ తెర వెడల్పుకు సరిగ్గా సరిపోయేలా పెట్టుకోవాలి. బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు. తెర కింద చూపే స్కేలును (కొలత గీతను) గుర్తు పెట్టుకుని, అదే స్కేలు ఉండేలా 14.69 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 75.15 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గరకు వెళితే హమ్మింగ్ పక్షి ఉండే చోటు వస్తుంది. బ్యారేజీ తెరనంతా ఆక్రమించిన ఆ స్కేలులో పక్షి తెర వెడల్పులో సుమారు పదమూడో వంతు ఉంటుంది, సాలీడైతే అందులోనూ సగమే. రోజూ ఆ వంతెన మీద నడిచినవారికి, ఇంద్రకీలాద్రి మెట్ల మీద నుంచి దాన్ని చూసినవారికి ఈ కొలత కళ్లలో నిలిచిపోతుంది. అంకెలు చదవడం కంటే ఈ పని పది నిమిషాలు చేయడం ఎక్కువ ఉపయోగం.

తరువాత అదే తెర మీద చుట్టుపక్కల ప్రాంతమంతా నెమ్మదిగా తిరిగి చూడాలి. అప్పుడు కన్నును మోసం చేసేవి మూడు ఉన్నాయని తెలుస్తుంది. మొదటిది ఎప్పుడో వాన వచ్చినప్పుడు నీరు పారిన వాగు జాడలు. ఇవి చెట్టు కొమ్మల్లా చీలుతూ పోతాయి, బొమ్మల గీతలు అలా చీలవు. రెండోది వాహనాల టైర్ల జాడలు. ఇవి జంటగా, సమాంతరంగా, అవసరం లేని వంపులతో ఉంటాయి. మూడోది బొమ్మల మీదుగా పోయే పెద్ద సమలంబాకార చతుర్భుజాలు, తిన్నని గీతలు. చాలా చోట్ల జంతువుల బొమ్మలను ముందు గీసి, తిన్నని గీతలను తరువాతి కాలంలో వాటి మీదుగా గీశారు. అందుచేత ఒక బొమ్మ మధ్యలో నుంచి పెద్ద లేత పట్టీ దూసుకుపోతే కంగారు పడకుండా, ఆ పట్టీని మనసులో తీసివేసి చూడటం అలవాటు చేసుకోవాలి. తిమింగలం బొమ్మ దగ్గర ఈ అలవాటు బాగా అక్కరకు వస్తుంది.

ఆ తరువాత కాగితం, పెన్సిలు తీసుకుని కోతినీ, సాలీడునూ, హమ్మింగ్ పక్షినీ పెన్సిలు ఎత్తకుండా ఒకే గీతతో గీసి చూడాలి. ఈ బొమ్మలలో చాలావాటి గీత ఒక చోట మొదలై శరీరమంతా తిరిగి మళ్లీ మొదటి చోటికి దగ్గరగా వచ్చి చేరుతుంది. పూర్వం ఈ గీతల వెంట మనుషులు ఊరేగింపుగా నడిచి ఉంటారని చాలామంది పురావస్తు పరిశోధకులు భావించడానికి ఇది ఒక కారణం. గీతల పక్కన పగిలిన కుండ పెంకులు దొరకడం కూడా అందుకు బలమిస్తోంది. చేత్తో ఒకసారి గీసిన బొమ్మలో ఒక్క కాలు కనిపించినా మిగతా శరీరాన్ని కన్ను తానే పూరించుకుంటుంది. కోతికి గుండ్రంగా చుట్టుకున్న తోకను, హమ్మింగ్ పక్షికి పొడవైన ముక్కును, సాలీడుకు మిగతావాటి కంటే పొడవుగా సాగిన ఒక కాలును, కొంగకు మెలికలు తిరిగిన మెడను గుర్తుగా పెట్టుకోవాలి. కోతికి రెండు చేతులలో కలిపి తొమ్మిది వేళ్లే ఉన్నాయి, రహదారి పక్కనున్న చేతుల బొమ్మకు కూడా అంతే. పిల్లలను వెంట తీసుకుని వెళుతున్నవారు ఈ వేళ్ల లెక్కను వారికి పనిగా అప్పగిస్తే వాళ్లు కిటికీ నుంచి చూపు తిప్పరు.

జపాన్‌లోని యమగాత విశ్వవిద్యాలయ పరిశోధకులు కృత్రిమ మేధ సాయంతో 303 కొత్త బొమ్మలను గుర్తించినట్లు 2024లో ప్రకటించారు. వాటిలో ఎక్కువ భాగం సగటున 9 మీటర్ల చిన్న బొమ్మలు, పాత కాలిబాటల పక్కన నడిచే మనిషి చూడటానికి వేసినవి. విమానం నుంచి వాటిని చూడవచ్చని ఆశ పెట్టుకోనక్కరలేదు.

వీసా, టీకా, దారి

మన జిల్లాల నుంచి నాజ్కాకు వెళ్లేవారిలో చాలామందికి అనువైన దారి అమెరికా మీదుగానే ఉంటుంది. పిల్లలు డాలస్‌లోనో, హ్యూస్టన్‌లోనో, అట్లాంటాలోనో ఉండగా వారి దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులు అక్కడి నుంచి పెరూ రాజధాని లిమాకు నేరుగా విమానంలో రాత్రికి రాత్రి చేరవచ్చు. అమెరికా, కెనడా, యునైటెడ్ కింగ్‌డమ్, ఆస్ట్రేలియా లేదా యూరప్‌లోని షెంజెన్ దేశాల వీసా కనీసం 6 నెలల గడువుతో ఉన్న భారతీయులను, ఆ దేశాలలో శాశ్వత నివాస హక్కు ఉన్నవారిని పెరూ ప్రత్యేక వీసా లేకుండా అనుమతిస్తుంది. మిగిలినవారు న్యూఢిల్లీలోని పెరూ రాయబార కార్యాలయం నుంచి వీసా తీసుకోవాలి. ఇలాంటి నియమాలు మారుతుంటాయి కనుక టికెట్ కొనే ముందు రాయబార కార్యాలయం సమాచారాన్ని తప్పక చూసుకోవాలి. గన్నవరం నుంచి ఢిల్లీ లేదా ముంబై చేరి, ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, మాడ్రిడ్ నగరాలలో ఒకదాని మీదుగా నేరుగా లిమాకు వెళ్లే దారి కూడా ఉంది. ఆ దారిలో విమానం మారే దేశానికి ట్రాన్సిట్ వీసా అవసరమా కాదా అన్నది విడిగా తెలుసుకోవాలి. కాలం తేడా పదిన్నర గంటలు. లిమాలో దిగిన మరునాడే చిన్న విమానం ఎక్కడం మంచిది కాదు.

మనవారు ఎక్కువగా మరిచిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. నాజ్కా ఎడారిలో ఆ జ్వరం భయం లేదు, అది అమెజాన్ అడవుల వ్యాధి. అయినా భారతదేశం ఈ నియమాన్ని ప్రాంతాన్ని బట్టి కాకుండా దేశాన్ని బట్టి అమలు చేస్తుంది కనుక పెరూ నుంచి బయలుదేరిన 6 రోజుల లోపు మన దేశంలో దిగేవారి దగ్గర టీకా ధ్రువపత్రం లేకపోతే క్వారంటైన్‌లో ఉంచే అవకాశం ఉంటుంది. టీకా వేయించుకున్న 10 రోజుల తరువాత గాని ఆ పత్రం చెల్లదు, ఆ తరువాత జీవితాంతం చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలోనే దీనిని వేస్తారు. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటి కేంద్రాలలో ఒకటి. అరవై దాటినవారు, గుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారు ముందుగా తమ డాక్టరును అడిగి తీరాలి.

లిమా నుంచి నాజ్కా సుమారు 450 కిలోమీటర్లు. పాన్ అమెరికన్ రహదారి మీద బస్సులో ఏడెనిమిది గంటలు పడుతుంది. రాత్రంతా బస్సులో కూర్చుని తెల్లవారుజామున దిగి నేరుగా విమానాశ్రయానికి వెళ్లే పథకాన్ని ఏజెంట్లు చౌకగా చూపిస్తారు. నిద్ర లేని శరీరానికి వాంతి త్వరగా వస్తుంది కనుక ఆ చౌక చివరికి ఖరీదే అవుతుంది. దారిలో ఇకాలో ఒక రాత్రి ఆగి, మరునాడు పగలు నాజ్కా చేరి, అక్కడ నిద్రపోయి, ఆ తరువాతి ఉదయం ఎగరడం అన్నివిధాలా మేలు.

ఎక్కడి నుంచి ఎగరాలి, దేనిలో ఎగరాలి

విమానాలు నాజ్కా నుంచే కాక ఇకా నుంచి, సముద్రతీరంలోని పిస్కో నుంచి కూడా ఎగురుతాయి. పిస్కో నుంచి వెళితే మొత్తం ప్రయాణం సుమారు గంటన్నర పడుతుంది, ఖర్చు కూడా ఎక్కువ. అందులో ఎక్కువ భాగం ఎడారి మీదుగా రానూ పోనూ ప్రయాణమే. బొమ్మల మీద తిరిగే సమయం మాత్రం నాజ్కా నుంచి ఎగిరినప్పుడు ఉన్నంతే ఉంటుంది. లిమా నుంచి ఒక్క రోజులో వెళ్లి రావాలనుకునేవారికి తప్ప దీనిలో ప్రత్యేక లాభం నాకు కనిపించదు.

విమానాలు ప్రధానంగా రెండు రకాలు. నలుగురైదుగురు ప్రయాణికులు పట్టే సెస్నా 206, 207 చిన్నవి. పన్నెండు మంది దాకా పట్టే సెస్నా గ్రాండ్ కారవాన్ కొంచెం పెద్దది, గాలి కుదుపులకు కాస్త నిలకడగా ఉంటుంది. రెండింటికీ రెక్క కిటికీ పైన ఉంటుంది కనుక కింది దృశ్యానికి రెక్క అడ్డు రాదు. శ్రీశైలం ఘాట్ రోడ్డులో బస్సు మలుపులు తిరిగినప్పుడు కళ్లు తిరిగేవారు గ్రాండ్ కారవాన్‌నే అడగడం మంచిది.

భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. 2010లో రెండు ప్రమాదాలు జరిగి ప్రయాణికులు చనిపోయారు, ఆ తరువాత ప్రభుత్వం నిబంధనలు కఠినం చేసింది, ప్రతి విమానంలో ఇద్దరు పైలట్లు ఉండాలన్నది వాటిలో ఒకటి. 2022 ఫిబ్రవరిలో మరో చిన్న విమానం కూలి అందులోని ఏడుగురూ మరణించారు. ఈ సంగతి భయపెట్టడానికి రాయడం లేదు. వీధిలో ఎవరో చేయి పట్టుకుని తక్కువ ధర చెప్పగానే డబ్బు ఇచ్చేయకుండా, విమానాశ్రయంలోని కంపెనీ కౌంటరు దగ్గరే, లేదా ముందుగా కంపెనీతో నేరుగా మాట్లాడి టికెట్ తీసుకోవాలి. విమానం రకం ఏమిటో, పైలట్లు ఇద్దరూ ఉంటారా అన్నదీ అడగాలి. చిన్న విమాన ప్రయాణాన్ని మీ ట్రావెల్ ఇన్సూరెన్సు కవర్ చేస్తుందో లేదో పాలసీ కాగితంలో చూసుకోవాలి, ఎందుకంటే కొన్ని పాలసీలు దీన్ని మినహాయిస్తాయి.

కౌంటరు దగ్గర అందరినీ తూకం వేస్తారు. సిగ్గుపడవలసిన పని లేదు, బరువును రెండు వైపులా సమంగా పంచడం కోసమే అలా చేస్తారు. అందుచేత సీటును వారే నిర్ణయిస్తారు. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుంటామని పట్టుపట్టడం వృథా. బరువు ఎక్కువగా ఉన్నవారికి అదనపు ధర ఉంటుందేమో ముందే అడిగి ఉంచుకోవాలి. టికెట్ ధరతో పాటు విమానాశ్రయ రుసుమును అక్కడే విడిగా కట్టాలి, దానికి స్థానిక సోల్ నోట్లు దగ్గర ఉంచుకోవాలి. అసలు పాస్‌పోర్టు లేనిదే లోపలికి పంపరు, జిరాక్సు పనికిరాదు.

ఎగిరే రోజు ఉదయం

పొద్దున్నే ఎడారి మీద పలచని పొగమంచు పొర ఉంటే విమానాలు ఆలస్యమవుతాయి. మధ్యాహ్నం దాటాక నేల కాగి గాలి ఎగసిపడటం వల్ల విమానం ఎక్కువగా ఊగుతుంది, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు గీతల రంగు తేడా కూడా వెలిసిపోయినట్లు కనిపిస్తుంది. ఈ రెంటికీ మధ్య, ఉదయం 8 నుంచి 10 గంటల లోపు ఎగిరే విమానం దొరికితే దానినే తీసుకోవాలి. అయినా ఆలస్యాలు తప్పవు కనుక అదే రోజు మధ్యాహ్నం అరెకిపాకో లిమాకో బస్సు టికెట్ తీసుకుని పెట్టుకోకూడదు. నాజ్కాలో రెండు ఉదయాలు చేతిలో ఉండేలా ప్రయాణం వేసుకుంటే మొదటి రోజు మంచు కమ్మినా రెండో రోజు మిగులుతుంది.

కడుపు విషయంలో రెండు పొరపాట్లూ ప్రమాదమే. నిండా తిని ఎక్కినవారికి వాంతి వస్తుంది, ఏమీ తినకుండా ఎక్కినవారికి కూడా వికారం పుడుతుంది. రెండు గంటల ముందు రొట్టె ముక్క, అరటిపండు లాంటిది కొద్దిగా తిని, నీళ్లు గుక్కగుక్కగా తాగితే చాలు. మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండాలే కాబట్టి పెరూ వంటలలో గుంటూరువారికి నచ్చే కారం దొరుకుతుంది, కాని ఆ ముచ్చట విమానం దిగాక తీర్చుకోవాలి. పాలు, కాఫీ, నూనె పదార్థాలు కూడా ఆ పూటకు వద్దు. ప్రయాణంలో వాంతులు రాకుండా ఇచ్చే మాత్రను ఇంటి దగ్గరే డాక్టరును అడిగి తెచ్చుకోవాలి. ఎగరడానికి కనీసం అరగంట, గంట ముందు వేసుకోకపోతే అది పనిచేయదు. వికారం మొదలయ్యాక వేసుకునే మాత్ర వల్ల ఉపయోగం దాదాపు ఉండదు. వాటిలో కొన్ని మత్తు తెస్తాయి కనుక ఇంట్లో ఒక రోజు వేసుకుని చూసుకోవడం వివేకం. రక్తపోటు, చెవి సమస్య, గర్భం ఉన్నవారు డాక్టరు అనుమతి లేకుండా ఎక్కకూడదు.

గాలిలో ఉన్నప్పుడు

విమానం పైకి లేచిన కొద్ది నిమిషాలకే మొదటి బొమ్మ వస్తుంది. నాజ్కా నుంచి ఎగిరే చాలా విమానాలు తిమింగలంతో మొదలుపెట్టి, పెద్ద సమలంబ చతుర్భుజాలు, వ్యోమగామి, కోతి, కుక్క, కాండోర్, సాలీడు, హమ్మింగ్ పక్షి మీదుగా కొంగ, చిలుక, చివరికి రహదారి పక్కనున్న చేతులు, చెట్టు వరకు వెళతాయి. బొమ్మల పటం ఒకటి ముందే ఇస్తారు. దాన్ని గాలిలో తెరిచి చదవకుండా నేల మీదనే వరుసను కంఠస్థం చేయాలి. కదిలే విమానంలో తల వంచి కాగితం చదవడం కంటే త్వరగా కళ్లు తిప్పే పని మరొకటి లేదు.

ప్రతి బొమ్మ దగ్గరా విమానం ఒక రెక్కను బాగా దించి చుట్టు తిరిగి, మళ్లీ ఎదురు వైపుకు వచ్చి రెండో రెక్కను దించుతుంది. అంటే కుడి వైపువారికి ఒకసారి, ఎడమ వైపువారికి మరోసారి ఆ బొమ్మ దక్కుతుంది. ఎదుటి వైపు కిటికీలోంచి చూడటానికి మెడ చాచేవారే ఎక్కువగా బాధపడతారు. తమ వంతు వచ్చేవరకు దూరంగా కొండల అంచును, దిగంతాన్ని చూస్తూ స్థిరంగా కూర్చోవాలి. దిగంతాన్ని చూస్తున్నప్పుడు కంటికి కనిపించే కదలికా చెవిలోపలి సమతుల్య అవయవం గ్రహించే కదలికా కలిసిపోతాయి కనుక వికారం తగ్గుతుంది.

మీ వంతు వచ్చినప్పుడు పైలట్ రెక్క చివర కింద చూడమని చెబుతాడు. మొదట చూపును రెక్క చివర మీద నిలిపి, అక్కడి నుంచి నిలువుగా నేల మీదకు దించాలి. బొమ్మను ఒకేసారి పట్టుకోవాలని చూడకుండా, ముందుగా దగ్గరలో ఉన్న పెద్ద లేత పట్టీనో, వాగు జాడనో, నల్లగా తిన్నగా సాగే రహదారినో పట్టుకుని, దాని నుంచి బొమ్మ ఏ వైపు ఉందో వెతకాలి. ఇంట్లో గూగుల్ ఎర్త్ మీద ఇదే వరుసలో వెతికినవారికి ఇక్కడ రెండు సెకన్లు చాలు. రహదారి ముఖ్యమైన ఆనవాలు. బల్లి బొమ్మను ఆ రహదారి వేసినప్పుడు మధ్యలో తెగగొట్టారు, ఆ తెగిన చోటే చేతులు, చెట్టు, ఇనుప టవరు అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. విమానం ఎక్కడ తిరుగుతోందో తెలియనప్పుడు రహదారి కనిపిస్తే మళ్లీ దారి దొరుకుతుంది.

పైలట్లు స్పానిష్, ఇంగ్లిష్ కలిపి మాట్లాడతారు, ఇంజన్ హోరులో హెడ్‌ఫోన్ నుంచి వచ్చే మాట సగమే వినపడుతుంది. దెరేచా అంటే కుడి, ఇస్కియెర్దా అంటే ఎడమ, కొలిబ్రీ హమ్మింగ్ పక్షి, మోనో కోతి, అరాన్యా సాలీడు, బయేనా తిమింగలం. ఈ ఆరు మాటలు వస్తే మిగతాది సైగలతో నడిచిపోతుంది.

వ్యోమగామి దగ్గర ఒక సూచన. మిగతా బొమ్మలన్నీ చదునైన నేల మీద పరుచుకుని ఉంటే ఇది కొండవాలు మీద ఉంటుంది కనుక రెక్క కింద నేలను వెతికితే కనిపించదు, వాలు ముఖాన్ని చూడాలి. గుండ్రని కళ్లు, ఒక చేయి పైకి, ఒక చేయి కిందికి. పాల్పా వైపు కొండవాలుల మీద ఇలాంటి మనిషి బొమ్మలు ఇంకా చాలా ఉన్నాయి. అవి నాజ్కా కాలం కంటే ముందటి పరాకాస్ సంస్కృతివి, కింద నిలబడ్డ మనిషికి కూడా కనిపించేలా గీసినవి. గ్రహాంతరవాసుల కథలు చెప్పేవారు ఈ సంగతిని తరచుగా దాటవేస్తారు. నక్షత్రాల గమనానికి ఈ గీతలు గుర్తులన్న వాదాన్ని కూడా ఖగోళ శాస్త్రవేత్త జెరాల్డ్ హాకిన్స్ 1960లలో కంప్యూటరుతో లెక్కించి, యాదృచ్ఛికంగా కుదిరే వాటి కంటే ఎక్కువ పొంతన లేదని తేల్చాడు.

ఫొటోల సంగతి

ఫొటోల కోసం ప్రతి బొమ్మనూ ఫోను తెరలోంచే చూసేవారికి ఏ బొమ్మా గుర్తుండదు, కడుపు కూడా ముందుగా తిప్పేది వారికే. నాలుగు బొమ్మలను మాత్రం ఎంచుకుని, మిగిలినవాటిని కంటితోనే చూడటం నా సలహా. హమ్మింగ్ పక్షి, కోతి, సాలీడు, కాండోర్ ఫొటోకు బాగా నిలుస్తాయి, తిమింగలం ఎవరికీ సరిగా రాదు. కెమెరా ఉంటే షట్టరు వేగం 1/1000 సెకనుకు తగ్గకుండా పెట్టి, ఫోకస్‌ను దూరానికి బిగించి, ఫ్లాష్ ఆపేయాలి. లెన్సును కిటికీకి దగ్గరగా పెట్టాలి గాని ఆనించకూడదు, ఆనిస్తే ఇంజన్ కంపనం ఫొటోలోకి వస్తుంది. ఈ విమానాల కిటికీలు ప్లాస్టిక్‌వి కనుక పోలరైజింగ్ ఫిల్టరు పెడితే ఇంద్రధనుస్సు చారలు పడతాయి. ముదురు రంగు చొక్కా వేసుకుంటే కిటికీలో మన ప్రతిబింబం పడదు. ఫోనుతో తీసేవారు రెండింతల జూమ్ వరకే వెళ్లాలి. దిగాక ఫొటోలో వెలుగు నీడల తేడా కొంచెం పెంచితే గీతలు తేలుతాయి.

టవరు, బావులు, నేల మీద నడక

విమానం ఎక్కడానికి ఇష్టపడనివారి కోసం రహదారి పక్కనే సుమారు 13 మీటర్ల ఎత్తు ఇనుప టవరు ఉంది. దాని మీద నుంచి చేతులు, చెట్టు, బల్లిలో కొంత భాగం కనిపిస్తాయి. దీనిని 1976లో కట్టించిన మరియా రైషే జర్మనీలోని డ్రెస్డెన్‌లో 1903లో పుట్టిన గణిత శాస్త్రవేత్త. అమెరికా పరిశోధకుడు పాల్ కోసోక్‌కు సహాయకురాలిగా ఈ ఎడారికి వచ్చి, చీపురుతో గీతలను శుభ్రం చేస్తూ, కొలతలు తీస్తూ, 1998లో మరణించేవరకు వాటి రక్షణకే అంకితమయ్యారు. నాజ్కా విమానాశ్రయానికి ఆమె పేరే పెట్టారు.

గీతల మీదకు ఎవరూ నడిచి వెళ్లకూడదు. ఇది చట్టం. ఒక్క పాదం పైపొర రాళ్లను కదిపితే కింది లేత మట్టి బయటపడి ఆ ముద్ర ఎన్నో ఏళ్లు చెరగదు. 2014లో హమ్మింగ్ పక్షి పక్కన నినాదాల బ్యానరు పరిచిన పర్యావరణ కార్యకర్తల అడుగుజాడలూ, 2018లో రహదారి వదిలి గీతల మీదుగా నడిపిన లారీ చక్రాల జాడలూ ఇందుకు ఉదాహరణలు. దగ్గర నుంచి చూపిస్తానని ఎవరైనా కారు తీసుకొస్తే వద్దని చెప్పాలి.

మిగిలిన పూట కంతయోక్ నీటి బావులకు కేటాయించవచ్చు. ఊరికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, భూగర్భ నీటి కాలువల మీద మెట్లు మెట్లుగా శంఖంలా దిగే రాతి బావులు వరుసగా ఉంటాయి. వాటిలో కొన్ని నేటికీ పొలాలకు నీరిస్తున్నాయి. కాలువల నీటితో పెరిగిన కృష్ణా డెల్టావారికి గీతల కంటే ఇవే ఎక్కువ నచ్చినా ఆశ్చర్యం లేదు. అంత నీటి ఎద్దడి ఉన్న చోట గీతలకు నీటితో, వానల కోసం చేసే క్రతువులతో సంబంధం ఉండి ఉంటుందన్న వాదం కూడా ఇక్కడికి వచ్చాకే బాగా అర్థమవుతుంది. మట్టి ఇటుకలతో కట్టిన కవాచీ పూజాస్థలం మరికొంత దూరం, సమయం ఉంటేనే వెళ్లాలి.

వీటిని చూసే వరుస మాత్రం ముఖ్యం. టవరును విమానం ఎక్కే ముందు రోజు సాయంత్రం, పొద్దు వాలి అంచు రాళ్ల నీడలు పడే వేళకు చూడాలి. గీత ఎంత వెడల్పు ఉంటుందో, నేల రంగుకూ దానికీ ఎంత తక్కువ తేడా ఉంటుందో దగ్గర నుంచి తెలిసిన కన్నుకు మరునాడు విమానంలో మొదటి బొమ్మే దొరుకుతుంది. విమానం దిగాక టవరు ఎక్కితే ఆ ఉపయోగం ఉండదు. బావులను మాత్రం ఎగిరిన రోజు సాయంత్రానికి ఉంచుకోవచ్చు, మాత్ర మత్తు దిగేవరకు హోటలులో పడుకోవడానికి మధ్యాహ్నం ఖాళీగా మిగులుతుంది.